దయచేయు

పెద్దరికము మెట్టు దిగివచ్చినప్పుడు వాడుటకు మన భాషలో ఒక ప్రత్యేక క్రియ యున్నది. ఇచ్చుటయు దయచేయుటయే, వచ్చుటయు దయచేయుటయే: రాజు మాన్యము దయచేసెను, గురువులు మా యింటికి దయచేసిరి. విచిత్రమేమన, "ఇక తమరు దయచేయవచ్చును" అని స్వరము కొంచెము బిగించినచో అదే క్రియ వచ్చినవానిని వాకిలి దాటించును. తిట్టొక్కటియు లేకుండ ఇంత చక్కగా గెంటివేయు మాట మరియొకటి నాకు దొరకలేదు.

దీనితో నా పరిచయము కావ్యములలో గాక అర్జీలలో పెరిగినది. మా ఊరు చంద్లాపూరులో నాలుగక్షరములు వచ్చినవాడనని పదిమందికి అర్జీలు వ్రాసిపెట్టుచుండెడివాడను. "తమరు దయచేసి మంజూరు చేయ ప్రార్థన" అను ముగింపు లేనిదే కాగితము కదలదని నా నమ్మకము. "దయచేసి" యనునది క్త్వార్థకము. ముందు దయ, పిమ్మట పని, రెంటికిని కర్త యొక్కడే. కావున అర్జీలో దయాళువు అధికారి. "దయచేసి చిల్లర ఇవ్వండి" అను బస్సు బోర్డు ముందు మాత్రము ఆ దయామయుడు టికెట్టు కొనుటకు జేబు తడుముకొను పేదవాడు! వ్యాకరణ మెవరినెప్పుడు సింహాసన మెక్కించునో చెప్పలేము.

కాలువ తూము కొరకు అర్జీ వ్రాయించుకొనవచ్చిన ఒక పెద్దాయన, నేను చదివి వినిపించుచుండగా ఆ మాట కడ చేయి యడ్డుపెట్టి, "దయ ఎందుకు సారూ? నీళ్ళు మన ఊర్లెనే ఉన్నయి గద. ఇడువాలె అని రాయి" అనెను. నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. మా రంగనాయకసాగరము 3 టీఎంసీల జలాశయము. 2020 ఏప్రిల్ 24న గోదావరి అందులో అడుగిడినది. రంగనాయకస్వామి మా యూర వేంచేసి యున్నాడనుట చెల్లును. ఈ నీరో, ఏ భగీరథుని తపమునకో మెచ్చి దిగివచ్చినది కాదు, భూగర్భమున నాలుగు మోటార్లు పైకి తోడగా ఎక్కివచ్చినది. దిగివచ్చువారి క్రియ ఎక్కివచ్చిన నీటికెట్లు పొసగును? అదియునుగాక, ఆ నీటియడుగున ఆయన రెండెకరముల చెలక యున్నదనియు, తూము అడుగుచున్నది మిగిలిన ఎకరమునకే యనియు మాటలలో తెలిసినది. ఇక దయ ఎవరు చేసినట్లు?

ఆ మాట కొట్టివేసి "విడువవలెను" అని వ్రాసితిని. ఆయన వ్రేలిముద్ర వేసి, సిరా తలపాగకు తుడుచుకొని లేచుచు, "మక్కకంకులు వచ్చినయి, పొద్దుమీకి ఇంటికి రా సారూ" అనెను.