తాడు లాగే హక్కు

జపాన్ కంపెనీల ప్రస్తావన వస్తే మనవాళ్లు క్రమశిక్షణ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో ఆ యాజమాన్య పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది. తప్పు కనిపించగానే పని ఆపే అధికారం ఆ పని చేసే మనిషి చేతిలోనే ఉండటం.

ఆ ఆలోచన మగ్గం మీద పుట్టింది. వడ్రంగి కొడుకైన సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి-రకం మరమగ్గంలో పడుగు పోగు తెగితే చాలు, మగ్గం తనంతట తానే ఆగిపోయేది. పేక నూలు అయిపోతే మాత్రం నేత ఆగకుండానే నాడె మారేది. అంతకుముందు తెగిన పోగు ఎవరి కంటా పడేలోపు గుడ్డ పాడైపోయేది కాబట్టి, మగ్గాలను వదలకుండా కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోగలిగారు. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఈ మగ్గం పేటెంటు హక్కులు కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో 1937లో టొయోటా మోటార్ కంపెనీ పెట్టాడు.

టొయోడా వారి నేత మిల్లులో పనిచేసి 1943లో కార్ల వైపు వచ్చిన తైచి ఓనో, మగ్గానికున్న ఆ గుణాన్ని అసెంబ్లీ లైనుకు తెచ్చాడు. లైను పొడవునా తలపైన ఒక తాడు వేలాడుతుంటుంది. బోల్టు సరిగా బిగియకపోయినా, విడిభాగం అమరకపోయినా కార్మికుడు దాన్ని లాగుతాడు. పైనున్న బోర్డు మీద అతని స్థానం సంఖ్య వెలుగుతుంది, ఒక పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. బండి తర్వాతి గుర్తు దాకా చేరేలోపు సర్దుబాటు అయితే సరే, లేకపోతే లైను ఆగుతుంది. వచ్చినాయన ‘ఎవరు చేశారు?’ అని అడగడు, ‘ఎందుకు జరిగింది?’ అని అడుగుతాడు, అదీ ఒకసారితో వదలడు. ఓనో చెప్పే ఉదాహరణే చూడండి. యంత్రం ఆగింది, ఫ్యూజు పోయింది కాబట్టి. ఫ్యూజెందుకు పోయింది? బేరింగుకు నూనె అందక భారం పెరిగింది. నూనె ఎందుకు అందలేదు? పంపు లాగడం లేదు. ఎందుకు లాగడం లేదు? దాని ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే మళ్లీ ఆగే యంత్రమే అది.

ఇదంతా నడవాలంటే తాడు లాగినవాడి ఉద్యోగానికి ఢోకా ఉండకూడదు. ఈ భద్రత జపాన్ సంస్కృతిలో అనాదిగా ఉందని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1950లో దేశమంతా అప్పు పుట్టడం కష్టమైపోయి టొయోటా దివాలా అంచుకు చేరినప్పుడు, కంపెనీ ఉద్యోగాల కోతకు దిగింది. రెండు నెలల పాటు సమ్మె సాగింది. సుమారు 2,000 మంది కంపెనీ విడిచి వెళ్లారు, కీచిరో కూడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. 1953లో నిస్సాన్‌లో, 1960లో మియికె బొగ్గు గనుల్లో ఇంకా తీవ్రమైన పోరాటాలు జరిగాయి. పదవీ విరమణ దాకా కొలువు, సర్వీసును బట్టి జీతం, కంపెనీకో యూనియన్ అనే ఏర్పాటు ఈ దెబ్బల తర్వాతే పెద్ద కంపెనీల్లో కుదురుకుంది.

ఇదే కోవలో, కార్మికులు చిన్న బృందాలుగా కూర్చుని తమ పనిలోని లోపాలను తామే వెతికే క్వాలిటీ సర్కిళ్లు కావోరు ఇషికావా చొరవతో 1962లో మొదలయ్యాయి. మన దేశంలో వాటికి తొలి నెలవు హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్, 1980లో. మరో రెండేళ్లకు క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా ఏర్పడింది. ఆ ఘనత మనవాళ్లకే సరిగ్గా తెలియదు.

1990ల మాంద్యం తర్వాత జపాన్‌లో ఆ ఉద్యోగ భద్రత పునాది కదిలింది. ఇవాళ అక్కడి ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా పర్మనెంట్ కానివాళ్లే. రేపు కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని మనిషికి తాడు లాగే ధైర్యం అంత తేలిగ్గా రాదు. పర్మనెంట్ ఉద్యోగులకైనా అన్నిచోట్లా ఆ చనువు లేదు. టొయోటా అనుబంధ సంస్థ దైహత్సులో ఏళ్ల తరబడి భద్రతా పరీక్షల్లో అక్రమాలు జరిగాయని 2023 డిసెంబరులో స్వతంత్ర విచారణ బయటపెట్టింది. గడువులు మరీ బిగించడం, ‘ఇది కుదరదు’ అని పైవాళ్లకు చెప్పుకునే వీలు లేకపోవడం కారణాలని తేల్చింది. కంపెనీ తన కార్లన్నిటి సరఫరానూ నిలిపేసింది. మరుసటి ఏడాది పైస్థాయి యాజమాన్యాన్ని మార్చి, కొత్త కార్ల రూపకల్పనకు గడువు పెంచింది.