మోకాలి కొలత తెలిసిన చెయ్యి

మందుల షాపులో ‘మీడియమా, లార్జా’ అని అడిగి ఇచ్చే నీక్యాప్ వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యమిస్తుంది. కానీ లోపలివైపు గుజ్జు అరిగి దొడ్డికాళ్లు పడినవాళ్లకు, కొలత తీసి మోకాలి పట్టీ అమర్చే ఆర్థోటిస్టే కావాలి.

ఆయన ముందు నడిపించి చూస్తాడు. చిప్ప నడుమ నుంచి 15 సెంటీమీటర్ల పైన తొడను, అంతే కింద పిక్కను టేపుతో కొలుస్తాడు. అసలు పనితనం పట్టీకి ఉండే మడతబందులో ఉంది. మోకాలు తలుపులా ఒకే ఇరుసు మీద తిరగదు, వంగేకొద్దీ ఇరుసు జరుగుతుంది. బందు వేలెడు జారిందా, పట్టీ ఒరుసుకుపోతుంది. మోకాలి బయటివైపు ఒక ఒత్తు, లోపలివైపు తొడకు, పిక్కకు చెరొకటి: బరువు అరిగిన పక్క నుంచి కొంత మళ్లుతుంది.

పోయిన గుజ్జు రాదనుకోండి. మెట్లు దిగేటప్పుడు కాలు పట్టు తప్పుతుందన్న బెదురు మాత్రం తగ్గుతుంది. మళ్లీ రప్పించి, చర్మం కందిన చోట వెల్‌క్రో సడలిస్తాడు. తొడ వ్యాయామాలు మానేశామంటే మాత్రం ఊరుకోడు.