ముల్లు చేత నిజం చెప్పించే పనితనం

ఫోక్స్‌వ్యాగన్ పాత వ్యాన్లలో మూడో తరం బండి అమెరికాలో వానగన్ పేరుతో 1980 నుంచి 1991 దాకా అమ్ముడైంది. ఇంజన్ బండి వెనక భాగంలో, ఫ్లోరు కింద ఉంటుంది. తొలి బండ్లు గాలితో చల్లబడేవి. నీటితో చల్లబడే ఇంజన్ వచ్చాక రేడియేటర్‌ను ముందు భాగంలో పెట్టి, బండి కింద పొడవునా పైపులు లాగారు. కంపెనీ ఇచ్చిన 2.1 లీటర్ల ఇంజన్ ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడుతుంది. అందుకే చాలామంది దాన్ని దించేసి సుబారు లెగసీ కారులోని 2.2 లీటర్ల ఈజే22 ఎక్కిస్తారు. అదీ సిలిండర్లు పడుకుని ఉండే ఇంజనే కనుక ఆ తక్కువ ఎత్తులో ఇమిడిపోతుంది.

ఇంజన్ కూర్చోబెట్టడంలో నేర్పు లేదని కాదు. కానీ ఆ తర్వాత డాష్‌బోర్డు మీది వేడి ముల్లు చేత నిజం చెప్పించడం చూసినప్పుడే నాకు మెకానిక్ మీద గౌరవం పెరుగుతుంది. ఆ ముల్లుకు అంకెలు లేవు. ఫోక్స్‌వ్యాగన్ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ ఏ లెక్కన తగ్గుతుందో ఆ లెక్కకే గేజ్‌ను తయారుచేశారు. సుబారు సెన్సర్ లెక్క వేరు. దాని తీగను ఈ గేజ్‌కు కలిపితే ముల్లు కదులుతుంది, చూపేది మాత్రం తప్పు. మంచి పనివాడు సుబారు నీటి గొట్టానికి మరో మర కొట్టి ఫోక్స్‌వ్యాగన్ సెన్సర్‌నే బిగిస్తాడు. ఇంజన్ కంప్యూటర్‌కు కబురు పంపే సుబారు సెన్సర్ జోలికి పోడు. పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ తేల్చేది దాన్ని బట్టే.

ఇంతటితో సగం పనే అయినట్టు. సెన్సర్ చెప్పేది తాను మునిగి ఉన్న నీటి సంగతి. గొట్టం పగిలి నీరు కారిపోతే అది ఆవిరిలో వేలాడుతుంది. ఇంజన్ మాడుతుంటే ముల్లు కిందికి దిగిపోవచ్చు. ముల్లు దిగింది కదా అని డ్రైవరు ధైర్యంగా నడుపుతాడు, హెడ్ గాస్కెట్ పోతుంది. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గితే గేజ్‌లోని ఎర్రదీపం మిణుకుమనేలా ఫోక్స్‌వ్యాగన్ కంపెనీయే ఏర్పాటు చేసింది. ఇంజన్ మార్చినా ఆ డబ్బాను, ఆ దీపాన్ని పని చేసేలా ఉంచడం పద్ధతి. దాన్ని తెంపేసిన మార్పిడి ఎంత నున్నగా కనబడినా నేను మెచ్చను.

నీటితో పాటు లోహాన్నీ అడగాలి. అందుకు సిలిండర్ హెడ్ మీది బోల్టు కింద వాషర్‌లా ఒదిగే థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలతో వేడిని కొలిచే సెన్సర్) దొరుకుతుంది, దానికి డాష్‌బోర్డులో వేరే మీటరు పెడతారు. హెడ్‌ను పట్టి ఉంచే బోల్టు కింద పెడితే బిగింపు లెక్క చెడుతుంది. కనుక పక్కనున్న చిన్న బోల్టు ఎంచుకోవాలి. అసలు పనితనమంతా తీగలో ఉంది. కే రకం థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే. ఇంజన్ వెనక, మీటరు ముందు. మధ్య చాలా దూరం. తీగ చాలలేదని ఇంజన్ దగ్గరే మామూలు రాగి తీగ అతికిస్తే ఆ అతుకు కూడా వేడెక్కుతుంది. అతుకు డాష్‌బోర్డు కంటే 30 డిగ్రీలు వేడిగా ఉంటే మీటరు 30 డిగ్రీలు తక్కువ చూపుతుంది. తప్పు ఎప్పుడూ ప్రమాదం వైపే. తెలిసినవాడు అదే లోహాల తీగను వెనక నుంచి మీటరు దాకా అతుకు లేకుండా లాగుతాడు. సైలెన్సర్‌కు దూరంగా, రాపిడి తగిలే చోట తొడుగు వేసి, క్లిప్పులతో పడుకోబెడతాడు. బండి కిందికి దూరితే తప్ప ఈ శ్రద్ధ ఎవరికీ కనబడదు.

ఈ మీటరుకు అలారం ఉంటే దాన్ని ఎంతకు పెట్టాలన్నది పుస్తకంలో దొరకదు. నిండు లోడుతో, మండుటెండలో పొడవైన ఎత్తు ఎక్కించి, లోహం ఎంత దాకా వెళ్లి నిలకడగా ఆగుతుందో చూసి, దానికి కొన్ని డిగ్రీలు పైన పెట్టాలి.

ఇక రెండు గేజ్‌లనూ కలిపి చదవడమే. నీటి ముల్లు కదలకుండా లోహం వేడి పైకి పోతోందంటే నీరు హెడ్‌ను తాకడం లేదు, వెంటనే ఇంజన్ ఆపాలి. రెండూ కలిసి ఎక్కితే రేడియేటర్, ఫ్యాను చూడాలి. లోహం మామూలుగానే ఉండి, వేడి ముల్లుతో పాటు పెట్రోలు ముల్లు కూడా ఉన్నట్టుండి పైకి జరిగితే రెంచి తీయనక్కర్లేదు. ఆ రెండింటికీ కరెంటు ఇచ్చే చిన్న వోల్టేజి రెగ్యులేటర్ మీటర్ల వెనక ఉంటుంది, ముందు దాన్ని చూడాలి.