అపవాదు: మోపేవాళ్లు, మోసేవాళ్లు

నింద, అభాండం, నీలాపనింద, కళంకం, అప్రతిష్ఠ. ఒకరి పేరు చెడగొట్టడానికి మనకు మాటల కొదవ లేదు. వీటిలో విమర్శకులు తప్పక ఆగి చూడవలసిన మాట ‘అపవాదు’ అని నా అభిప్రాయం.

‘వద్’ అంటే పలకడం. ‘అప’ చేరితే వ్యతిరేకంగా, తోసిపుచ్చేటట్టుగా పలకడం. వ్యాకరణంలో దీనికి వేరే అర్థముంది. సామాన్య సూత్రం ఉత్సర్గం, దాన్ని ఒకచోట తోసిపుచ్చే విశేష సూత్రం అపవాదం. హిందీవాళ్లు ఈనాటికీ మినహాయింపును ‘అపవాద్’ అనే అంటారు. మన వాడుకలో నిందార్థమే పాతుకుపోయింది. వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా జీవితంలో ఈ రెండర్థాలూ తరచు కలుస్తాయి. మారుమనువాడిన వితంతువు, కూలి పెంచమన్న పాలేరు - ఊరి సూత్రానికి లొంగనివాళ్ల మీదనే కదా అపవాదు పడేది!

భవభూతి ‘ఉత్తరరామచరితం’లో సీతమీది లోకాపవాదాన్ని దుర్ముఖుడు రాముడి చెవిన వేస్తాడు. అన్నదెవరు? లోకం. ఆ లోకానికి తెలుగులో ఒక చిన్న మాటే ఉంది: ‘అట’. ‘ఆవిడ ఫలానావాడితో తిరుగుతోందట.’ ఆ ‘ట’ దగ్గర అన్నవాడు మాయమవుతాడు, చెప్పేవాడికి పూచీ ఉండదు. బరువంతా ఒక్కరిది. అపవాదు మోపడం, మోయడం అని ఊరికే అనలేదు మనవాళ్లు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్ పరువునష్టాన్ని నిర్వచించి, 10 మినహాయింపులిచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 356వ సెక్షన్. ఆరో మినహాయింపు మనది. ప్రజల తీర్పుకు పెట్టిన రచన గురించి, అందులో కనిపించినంత మేరకు రచయిత శీలం గురించి, సద్బుద్ధితో అభిప్రాయం చెప్పవచ్చు. చట్టమే ఉదాహరణలిచ్చింది. పుస్తకం అసభ్యంగా ఉంది గనుక రాసినవాడి మనసు మలినమై ఉండాలి అనవచ్చునట. రాసినవాడు విచ్చలవిడి మనిషి గనుక పుస్తకం అలా ఉండటంలో ఆశ్చర్యం లేదు అంటే మాత్రం ఈ రక్షణ ఉండదట. మొదటిదానికి ఆధారం పుస్తకంలో ఉంది. రెండోది పుస్తకం తెరవకుండానే అనేయవచ్చు. వలసపాలకుల చట్టాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. నోళ్లు నొక్కడానికీ అది పనికొస్తుందని తెలుసు. కానీ ఈ తేడాను మన సమీక్షలు ఎంత పాటించాయి? చలాన్ని చదివినవాళ్లకంటే చలం ఇంటి సంగతులు చెప్పుకున్నవాళ్లే ఎక్కువేమో. రచయిత్రుల విషయంలో ఇది మరీ ఘోరం.

నేనేమీ దీనికి అతీతుణ్ని కాను. కొన్నేళ్ల కిందట ఒక రచయిత్రి కథాసంపుటిని సమీక్షిస్తూ, మొగుణ్ని విడిచి వచ్చిన నాయిక కథలో ‘స్వానుభవపు వాసన’ ఉందని రాశాను. కథలో అందుకు ఒక్క వాక్యం ఆధారం లేదు. నాకున్న ఆధారమల్లా ఎవరో అన్న ‘అట’. తర్వాత ఒక సభలో ఆమె కనిపించి, “మాస్టారూ, ఆ కథ మా మేనత్తది” అన్నారు. శిల్పం గురించి నేను రాసిన రెండు పేజీల ఊసు ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత ఆమె కథ ఏ పత్రికలోనూ నా కంటపడలేదు.