చంద్రుడి లెక్క

మా పై ఫ్లాటు ఇంటర్ కుర్రాణ్ణి ఈ వారం అభికేంద్ర త్వరణం అంటే ఏమిట్రా అని అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "వీ స్క్వేర్ బై ఆర్, అంకుల్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బట్టీ చదువుల మీద నా కోపం పాత పాఠకులకు తెలిసిందే. మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ అనుకునేవాళ్లు ఒక పేరా దాటేయొచ్చు.

కాగితం మీద వృత్తం గీశాను. వడి మారకపోయినా దిశ మారుతోంది కదా, ఆ మార్పే త్వరణం, అది ఎప్పుడూ కేంద్రం వైపే అంటూ సదిశల త్రిభుజం దాకా వచ్చేసరికి వాడికి ఆవలింత. సరే, నీ సూత్రమే చంద్రుడి మీద వెయ్యి అన్నాను.

దూరం 3,84,000 కిలోమీటర్లు. ఒక చుట్టుకు 27.3 రోజులు, అంటే 23.6 లక్షల సెకన్లు. చుట్టు పొడవు 24 లక్షల కిలోమీటర్ల పైచిలుకు. వడి సెకనుకు 1.02 కిలోమీటర్లు. దాన్ని వర్గం చేసి, దూరంతో భాగించి, మీటర్లలోకి మారిస్తే 0.0027. "ఇంతేనా?" అని పెదవి విరిచాడు. నేల మీద రాయి పడే త్వరణం 9.8ని దీంతో భాగించమన్నాను. 3600కి కాస్త అటూ ఇటూగా వచ్చింది. చంద్రుడి దూరం భూమి వ్యాసార్థానికి 60 రెట్లు. ఆకర్షణ దూరపు వర్గం కొద్దీ తగ్గుతుందనుకుంటే, అరవై అరవైలు ఎంత? వాడు ఫోన్ బోర్లా పెట్టేశాడు. చేతిలోంచి జారిన రాయిని లాగేదీ చంద్రుణ్ణి తిప్పేదీ ఒకే బలమని న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో చూపించింది ఈ లెక్కతోనే.

నిరూపణ ముందు, సూత్రం తర్వాత అని ఎన్నేళ్లుగానో వాదిస్తున్నాను. తీరా చూస్తే ఈ సూత్రాన్ని సాధించిన హైగెన్సే ఆ వరస పాటించలేదు. 1659లో లెక్క తేల్చాడు. 1673లో లోలక గడియారాల పుస్తకం చివర ఫలితాలు మాత్రం అచ్చు వేయించాడు. నిరూపణలు వెలుగు చూసింది 1703లో, ఆయన పోయాక. (ఆయన దాన్ని బయటికి తోసే బలంగా చూశాడు. కేంద్రం వైపు తిప్పింది న్యూటన్.) నా త్రిభుజం నిద్రపుచ్చిన కుర్రాణ్ణి ఆ బట్టీ సూత్రమే చంద్రుడి దాకా తీసుకెళ్లింది. కాబట్టి బట్టీని ఇకమీద తిట్టను. బట్టీ దగ్గరే ఆపేసి, ఒక్క అంకె కూడా వేయించని పంతుళ్లను మాత్రం వదలను.

మీ ఇంటి డిష్ చూసే ఉపగ్రహానికీ వేసి చూడండి. భూకేంద్రం నుంచి 42,164 కిలోమీటర్లు, చుట్టుకు 23 గంటల 56 నిమిషాలు. జవాబు 0.22 రావాలి. రాకపోతే కిలోమీటర్లను మీటర్లు చేశారో లేదో చూసుకోండి.