కొండ పేరిట కరపత్రం, కాళహస్తి బొమ్మ పక్కన రాత

తిరుపతి చుట్టుపక్కల ఊళ్లలో పెరిగి ఇప్పుడు నడివయసు దాటినవాళ్లకు ఒక కరపత్రం గుర్తుండే ఉంటుంది. తలుపు సందులోంచి లోపలికి తోసి ఉండేది. అచ్చు వేయించే స్తోమత లేనివాళ్లు అదే సంగతిని పోస్టుకార్డు మీద రాసి పంపేవాళ్లు. కొండమీద గుళ్లో ఒక పాము కనబడిందని, అర్చకుడితో మాట్లాడిందని, ఈ వార్తను వెయ్యి ప్రతులు వేయించి పంచినవాడికి కలిసొచ్చిందని, చించి పారేసినవాడి ఇంట్లో చావు జరిగిందని అందులో ఉండేది. ప్రతుల లెక్క, రోజుల గడువు మారేవి గానీ కథ అదే. కింద రాసినవాడి పేరు ఉండేది కాదు. మా ఇంట్లో ఆ కాగితాన్ని చించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పంచడానికి డబ్బూ లేదు. దేవుడి గూట్లో పెట్టేసి ఊరుకునేవాళ్లం.

తిరుపతికి గంట ప్రయాణం దూరంలో, శ్రీకాళహస్తిలో, ఇంకో రకం రాత ఉంది. కలంకారీ గుడి వస్త్రం మీద నడుమ పెద్ద బొమ్మ ఉంటుంది. చుట్టూ వరసలుగా గళ్లు కట్టి రామాయణమో భారతమో కథంతా వేస్తారు. ఆ వరసలను ఆనుకుని సన్నని పట్టీల్లో, ఏ ఘట్టం ఏదో తెలుగులో రాస్తారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు కాళహస్తి రామాయణ వస్త్రం మీద కూడా ఆ తెలుగు రాత కనిపిస్తుంది. బొమ్మలో ఉన్నదాన్ని చెప్పి ఆగిపోవడమే ఆ రాత పని.

ఈ రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇంటి నుంచే సరుకు అమ్ముకునే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కలంకారీ చీరలు, మాధవమాల కొయ్యబొమ్మలు, వేసవిలో బంగినపల్లి పెట్టెలు హైదరాబాదుకూ బెంగళూరుకూ చెన్నైకీ పోతున్నాయి. దుకాణం లేదు కాబట్టి దుకాణదారు నోటిమాట స్థానంలో ఈమెయిల్ నిలబడాలి. ఆ మెయిల్ ఎలా రాయాలో నేర్పే పాఠాలు అమెరికా నుంచి అనువాదమై వస్తున్నాయి. కానీ ఒప్పించే రాతలో రెండు దారులూ మన నేల మీద ముందే ఉన్నాయి. నాకు తోచినంతలో, ఇవాళ మనకు వచ్చే అమ్మకపు ఉత్తరాల్లో ప్రతి ఒక్కటీ ఆ కరపత్రానికో, ఈ బొమ్మ పక్కన రాతకో వారసే.

ఎవరితో మాట్లాడుతోంది

కరపత్రానికి ఎదుటి మనిషి ఎవరో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఎవరి చేతిలో పడితే వాళ్లే దాని బాధ్యులు. బొమ్మ పక్కన రాత అలా కాదు. వస్త్రం ముందుకొచ్చి నిలబడి, తల ఎత్తి చూసినవాడితోనే అది మాట్లాడుతుంది. వచ్చినవాడు తన కాళ్లతో తాను వచ్చాడు. ఇష్టపడి వచ్చినవాడికి చెప్పడానికీ, దారిన పోయేవాడి చేతిలో కుక్కడానికీ ఉన్న తేడా ఇది.

ఈమెయిల్ అమ్మకాల చరిత్ర కరపత్రం వైపే మొదలైంది. 1978 మే నెలలో గ్యారీ థర్క్ అనే అమ్మకాల ఉద్యోగి తమ కంపెనీ కొత్త కంప్యూటర్లను చూడటానికి రమ్మంటూ, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. అడగకుండా వచ్చిన ఆ ఉత్తరం మీద చాలామంది మండిపడ్డారు. స్పామ్ చరిత్ర రాసేవాళ్లు దాన్నే తొలి పేజీలో పెడతారు. చిన్న వ్యాపారికి ఇందులో పాఠం ఉంది. ఎక్కడో కొన్న పదివేల చిరునామాల జాబితా తలుపు సందులో తోసిన కాగితంతో సమానం. శిల్పారామం ప్రదర్శనలో చీర పట్టుకుని చూసి, కొత్తవి వచ్చినప్పుడు చెప్పండి అని తన చేత్తో చిరునామా రాసిచ్చిన యాభైమందే అసలైన జాబితా.

సాక్ష్యం

కరపత్రం బలమంతా సాక్ష్యాల్లో ఉందనిపిస్తుంది. పంచి లాభపడిన వ్యాపారి, నమ్మక నష్టపోయిన ఆఫీసరు, జబ్బు నయమైన పిల్ల అందులో వరసగా వస్తారు. జాగ్రత్తగా చదివితే వాళ్లలో ఎవరికీ ఊరు ఉండదు, ఇంటిపేరు ఉండదు, సంవత్సరం ఉండదు. సరిచూడటానికి వీలులేకుండా రాయడమే ఆ రాతలోని పనితనం. బొమ్మ పక్కన రాత దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. దాని సాక్ష్యం దాని పక్కనే ఉంది. వాలి సుగ్రీవుల యుద్ధం అని రాస్తే, ఆ గడిలో ఆ యుద్ధమే ఉండాలి. లేకపోతే అక్కడే పట్టుబడుతుంది.

ఒకే చీరకు రాసిన రెండు మెయిళ్లను ఊహించుకుందాం. మొదటిది ఇలా ఉంటుంది: వేలమంది మెచ్చిన అద్భుత కలంకారీ, శతాబ్దాల వారసత్వం, మీ ఇంటికి సిరి తెచ్చే పవిత్ర కళ. రెండోది ఇలా: ఈ బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాం. రంగు పాకకుండా పట్టేది ఆ పాలలోని వెన్న. చింతబరికెల బొగ్గుతో బొమ్మ గీసి, ఇనుప ముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నీళ్లతో నల్లగీత వేశాం. ఎరుపు కోసం పటిక అద్ది, రంగు చెక్కతో ఉడకబెట్టాం. వెదురు కలంతో చేత్తో వేసింది కాబట్టి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. మొదట్లో కాస్త కరక్కాయ, పాల వాసన వస్తుంది. విడిగా ఉతికి నీడన ఆరేయండి.

మొదటి మెయిల్లోని ఏ మాటనూ కొన్నవాళ్లు సరిచూడలేరు. రెండోదానిలోని చాలా మాటలను బట్ట చేతికి రాగానే కంటితో, ముక్కుతో, వేలితో సరిచూడొచ్చు. స్క్రీన్ ప్రింటు వేసిన గుడ్డను కలంకారీ పేరుతో అమ్మే రోజులివి. అచ్చుగుడ్డ అమ్మేవాడు మొదటి మెయిల్‌ను ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోగలడు. గీత లావు సన్నాల గురించి మాత్రం రాయలేడు, అతని గుడ్డలో గీతలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కనుక. వివరం ఎక్కువయ్యేకొద్దీ దొంగిలించడం కష్టమవుతుంది. అమెరికా ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923లో వెలువరించిన ‘సైంటిఫిక్ అడ్వర్టయిజింగ్’లో గట్టిగా చెప్పింది కూడా దాదాపు ఇదే: పొగడ్త జారిపోతుంది, కచ్చితమైన వివరం మనసులో దిగుతుంది. కాళహస్తి పనివాళ్లకు ఆ పుస్తకం అక్కర్లేదు, రాయదగ్గ వివరాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు ఇక్కడ శిక్షణ కేంద్రం తెరిచి, ఆగిపోతున్న పనిని నిలబెట్టింది. ఈ కళకే జీవితమంతా ఇచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టిని 2008లో పద్మశ్రీ వరించింది. వారసత్వం అనే మాట బదులు ఈ సంవత్సరాలు రాస్తే చాలు.

మామిడి ఉత్తరాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ప్రతివాళ్లూ కార్బైడ్ పెట్టలేదని రాస్తారు. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని చట్టమే నిషేధించింది. చట్టాన్ని పాటించామని చెప్పుకోవడం గొప్ప కాదు. ఏ తోటలో, ఏ తేదీన కోశారో, గడ్డిలో ఎన్నాళ్లు మాగేశారో, పెట్టె అందాక ఎన్నిరోజులు ఆగి తినాలో రాస్తే కొనేవాళ్లకు పనికొస్తుంది.

గడువు

కరపత్రం గుండెకాయ గడువే. ఇన్నిరోజుల్లో పంచకపోతే కీడు. ఆ గడువు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఈనాటి మెయిల్లో అదే గడువు వేషం మార్చి ‘ఈ రాత్రితో సరి’ అయింది. నాకొచ్చే ఉత్తరాల్లో ఒక అమ్మకందారు నుంచి వారం వారం ఆఖరి అవకాశం వస్తూనే ఉంది. మొదటిసారి ఉలిక్కిపడి కొన్నాను. మూడోసారికి ఆ పేరు కనబడగానే చదవకుండా తీసేయడం అలవాటైంది. మళ్లీ నిజంగా మంచి సరుకు వచ్చినా నాకు తెలిసే దారి మూసుకుపోయింది.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 రకాల మోసపు ఎత్తులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. వద్దన్నవాడిని సిగ్గుపడేలా చేయడం మరొకటి. మన కళ మీద గౌరవం లేకపోతే వదిలేయండి అని రాసే మెయిల్ ఈ రెండో కోవలోకే వస్తుంది. ఆ పాత కాగితంలో ఈ రెండు దోషాలూ నిండుగా ఉన్నాయి.

అయితే గడువు అనేదే తప్పు కాదు. మన ప్రాంతంలో నిజమైన గడువులు కావలసినన్ని ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కలంకారీ బట్టను ప్రతి రంగుకూ ఉతికి ఎండలో ఆరేయాలి. ముసురు పట్టిందంటే పని ఆగుతుంది. కాబట్టి సంక్రాంతికి కావాలంటే వానలకు ముందే చెప్పండి అని రాస్తే, ఆ గడువు ఆకాశం పెట్టింది. బంగినపల్లి గడువు చెట్టు పెట్టింది. అలాంటి గడువుకు కారణం పక్కనే రాయొచ్చు. కారణం రాయడానికి వెనకాడే గడువు ఏదైనా కరపత్రం గడువే.

అడిగే తీరు

ఇక్కడ కరపత్రానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. ఏం చేయాలో అది తేటగా చెబుతుంది. ఎన్ని ప్రతులు, ఎన్నాళ్లలో, ఎవరికి అన్నదాంట్లో సందేహం మిగల్చదు. ఒక కాగితంలో ఒకే పని అడుగుతుంది. కథతో మొదలుపెట్టి చివరిదాకా చదివిస్తుంది. చదువు అంతంతమాత్రం ఉన్నవాళ్లకు కూడా అర్థమయ్యే చిన్న వాక్యాల్లో ఉంటుంది. వెయ్యిమందిని కదిలించిన రాతలో నేర్పు లేదనడం అన్యాయం.

బొమ్మ పక్కన రాతకు ఆ నేర్పు లేదు. అది ఎవరినీ పిలవదు, ఏమీ అడగదు. గుడికి వచ్చినవాడికి అది చాలు. ఎక్కడో హైదరాబాదులో ఫోను మీద వేలితో ఉత్తరాలు తోసుకుంటూ పోయేవాడికి చాలదు. మన చేతిపనివాళ్లు రాసే మెయిళ్లలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. కళ గురించి అంతా చెప్పి, ధర చెప్పడానికి మొహమాటపడతారు. కొలత రాయరు. ఎలా కొనాలో చదివేవాళ్ల ఊహకు వదిలేస్తారు. అయిదున్నర మీటర్లు, ఇంత ధర, ఇన్నిరోజుల్లో మీ ఇంటికి, కావాలంటే ఈ ఉత్తరానికే జవాబు రాయండి. ఈ ఒక్క వాక్యాన్ని కరపత్రం దగ్గర నేర్చుకోవడంలో తప్పు లేదు. దాని తేటదనం తీసుకుని దాని భయాన్ని వదిలేయాలి.

తలుపు

చివరి తేడా వెళ్లిపోయే దారిది. కరపత్రం చేతికొచ్చాక బయటపడే దారి లేదు. పంచినా దానికి లొంగినట్టే, చించినా దాని నీడ వెంటాడుతుంది. కలంకారీ ముందు నిలబడ్డవాడు మాత్రం ఎప్పుడైనా వెనుదిరగొచ్చు. వస్త్రం ఏమీ అనదు. మర్నాడు వస్తే అక్కడే ఉంటుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ ఒప్పుదలను వెనక్కి తీసుకోవడమూ అంత తేలిక కావాలంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కూడా రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో బయటపడే దారి పెట్టాలని, ఎవరు పంపినా స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదని నియమాలు పెట్టింది. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. చిన్న వ్యాపారి అన్ని ఉత్తరాలు పంపడు, మొదటి నియమం అతనికి నేరుగా తగలదు. రెండోది మాత్రం అతనికీ వర్తిస్తుంది, ఆ లెక్క గుర్తుపెట్టుకోదగ్గది. వెయ్యి ప్రతులు పంచమన్న కాగితానికి, వెయ్యిలో ముగ్గురు నొచ్చుకుంటే చాలు తప్పు నీదే అని యంత్రం ఇవాళ జవాబు చెబుతోంది.

తిరుపతిలో అమ్మేవాళ్ల మీద ఇంకో బరువు కూడా ఉంది. ఈ ఊరి పేరు చెబితే జనం నమ్ముతారు. ఆ నమ్మకాన్ని దొంగిలించేవాళ్లూ ఎక్కువే. దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుపుతున్నారని దేవస్థానం ఎన్నోసార్లు హెచ్చరించింది. మన పక్క ఊరి నుంచి ఒక అబద్ధపు మెయిల్ వెళ్తే దాని మరక నిజంగా చేత్తో బొమ్మ వేసే కుటుంబం మీద కూడా పడుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. కరపత్రం ఒక్కసారి కదిలిస్తుంది. బొమ్మ పక్కన రాత మనిషిని మళ్లీ వచ్చేలా చేస్తుంది. చిన్న వ్యాపారం బతికేది మళ్లీ వచ్చేవాళ్ల మీదే. అందుకే మెయిల్ రాసే ప్రతి చెల్లికీ, ప్రతి తమ్ముడికీ ఒక మాట చెబుతాను. పంపే ముందు ఒక్కొక్క వాక్యాన్నీ ఆపి అడగండి: దీని పక్కన బొమ్మ ఉందా? సరుకు చేతికి వచ్చిన మనిషి ఈ మాటను సరిచూసుకోగలడా? చూసుకోగలిగితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. ధర రాయండి, కొలత రాయండి, కింద మీ పేరూ ఊరూ రాయండి. ఆ కరపత్రం ఎన్నడూ చేయలేని పని ఆ చివరిదే.