బ్లీక్ హౌస్: టెలివిజన్ తెరపై డికెన్సు నవల

ప్రసిద్ధమైన నవల దృశ్యరూపము దాల్చినపుడు, అది మూలమునకెంత విధేయముగా నున్నదని విమర్శకులు మొదట ప్రశ్నింతురు. ఈ ప్రశ్న అవసరమే గాని చాలినది కాదు. మూలము పాఠకునకు కలిగించిన ఆనందమెట్టిది, దృశ్యము దానిలో దేనిని నిలుపుకొన్నది, దేనిని విడిచినది అనునవి అంతకంటె ముఖ్యమైన ప్రశ్నలు. ఈ దృష్టితో చార్లెస్ డికెన్సు రచించిన 'బ్లీక్ హౌస్' నవలకు 2005లో బి.బి.సి. కల్పించిన టెలివిజన్ రూపమును పరిశీలింతము.

ఈ నవల 1852 మార్చి మొదలు 1853 సెప్టెంబరు వరకు నెలకొక సంచికగా వెలువడినది. జార్న్‌డిస్ వంశపు ఆస్తి వ్యాజ్యము లండను చాన్సరీ న్యాయస్థానమున తరతరములుగా నడచి, తుదకు ఆస్తియంతయు కోర్టు ఖర్చులకే సరిపోవుట ఇందలి ప్రధాన వస్తువు. నాటి పాఠకులు తరువాయి భాగమునకై నెల దినములు వేచియుండెడివారు. మన 'రాజశేఖర చరిత్రము' సైతము 'వివేకవర్ధని'లో భాగములుగా వెలువడిన పిమ్మటనే 1880లో గ్రంథరూపము దాల్చినది.

దృశ్యరచయిత ఆండ్రూ డేవిస్ ఈ నిరీక్షణనే పునరుద్ధరించినాడు. మొత్తము 15 భాగములలో మొదటిది గంటసేపు, తక్కినవి అరగంట చొప్పున ప్రసారమైనవి. కథను ఉత్కంఠభరితమైన ఘట్టమున ఆపుట చౌకబారు ఉపాయమని కొందరు తలంపవచ్చును. డికెన్సు సంచికల నెరిగినవారు అట్లు తలంపరు.

నటీనటుల ముఖములు ఈ రూపమునకు గొప్ప లాభము. న్యాయపత్రముపై పరిచితమైన దస్తూరి కంటబడగానే లేడీ డెడ్‌లాక్ చలించు ఘట్టమున జిలియన్ ఆండర్సన్ నటన మితభాషణమునకే శోభ తెచ్చినది. ఎస్తరు తన్ను ఇతరులు మెచ్చుకొన్న మాటలను తానే వ్రాసికొనుట నవలలో కొందరికి వెగటు గొల్పును. తెరపై అన్నా మాక్స్‌వెల్ మార్టిన్‌కు ఆ చిక్కు లేదు. ఆమె సౌజన్యమును మనమే చూచి గ్రహింతుము.

ఇక నష్టమును చెప్పవలెను. నవలలోని 67 ప్రకరణములలో 33 ఎస్తరు చెప్పినవి. తక్కిన 34 పేరులేని కథకుడొకడు వర్తమానకాలమున చెప్పినవి. ఈ రెండవ కంఠము తెరపై లేదు. దీని విలువ 47వ ప్రకరణమున తెలియును. వీధి దాటువారికై బురద ఊడ్చి కాసులు సంపాదించు జో అను అనాథ బాలుడు, వైద్యుడు పలికించుచున్న ప్రార్థనను సగములోనే విడిచి మరణించును. తత్‌క్షణమే కథకుడు కథనాపి రాణివైపునకు, ప్రభువులవైపునకు, మతాచార్యులవైపునకు, తుదకు సామాన్యులవైపునకు తిరిగి, ఇట్టి మరణములు ప్రతిదినము మన చుట్టునే జరుగుచున్నవని చెప్పును.

హరికథ వినిన మనకిట్టి కంఠము క్రొత్తది కాదు. హరిదాసు కథను నిలిపి సభవైపు తిరిగినపుడు, అంతవరకు శ్రోతలమైన మనము ప్రశ్నింపబడినవారమగుదుము. టెలివిజన్‌లో జో మరణము కన్నీరు తెప్పించును గాని, ఆ కన్నీటికి మనలను జవాబుదారులను చేయదు. వ్యవహారములోని జాప్యమును, పేదవాని చావును ఒకే అపరాధముగా చూపిన డికెన్సు ఉద్దేశమంతయు ఆ సంబోధనలోనే కలదు.

అందుచేత ఈ దృశ్యరూపమును సంకోచము లేక చూచి ఆనందింపవచ్చును. చూచినవారు ఆ 47వ ప్రకరణమునైనను గ్రంథమున తప్పక చదువవలెను.